గద్దని కాపాడబోయి నేను చేసిన నాలుగు తప్పులు

ఈ వారం ఫోన్ రివ్యూ లేదు, కొత్త యాప్ లేదు. ఇంకొన్ని రోజుల్లో సంక్రాంతి కదా. రెండేళ్లుగా చేద్దామా వద్దా అని పక్కన పెడుతూ వచ్చిన ఎపిసోడ్ ఇది. దెబ్బ తగిలిన పక్షో, జంతువో మన చేతికి దొరికితే ఏం చేయాలి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాక దానికి ఏం జరుగుతుంది, ఇదే టాపిక్.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు మీ ముందు కూర్చుని మాట్లాడుతున్నవాణ్ణి. మరి ఈ టాపిక్ మీద మాట్లాడటానికి నీకేంటి అర్హత అంటే, నేను తప్పులు చేశాను. గంట లోపే నాలుగు. ఆ తర్వాత ఈ పని తెలిసిన డాక్టర్లని, వాలంటీర్లని అడిగి అడిగి తెలుసుకున్నది ఈ రోజు చెప్తాను.

మన పాత సబ్‌స్క్రైబర్లలో కొందరికి గుర్తుండే ఉంటుంది, రెండేళ్ల కింద నేను ఒక గద్ద వీడియో స్టోరీలో పెట్టాను. దాని గురించి ఒక అబద్ధం కూడా చెప్పాను. అది కూడా ఈ రోజు సరిచేయాలి.

ఆ రోజు ఏం జరిగిందంటే

కనుమ రోజు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ నిండా పిల్లలు, పతంగులు, స్పీకర్లో పాటలు. సాయంత్రం నాలుగున్నర అప్పుడు వాచ్‌మన్ అన్న పైకి వచ్చి, "సార్, వేపచెట్టుకి గద్ద వేలాడుతోంది" అన్నాడు.

కిందకి వెళ్ళి చూస్తే నిజంగానే తలకిందులుగా వేలాడుతోంది. కుడి రెక్కకి మాంజా చుట్టుకుని ఉంది. అది కొట్టుకున్న ప్రతిసారీ దారం ఇంకొంచెం బిగుస్తోంది. వాచ్‌మన్ అన్న మామిడికాయలు కోసే దోటి తెచ్చి, గోడ మీద నిలబడి కొమ్మని వంచాడు. నేను కింద దుప్పటి పట్టుకున్నాను. పక్షి దుప్పట్లో పడింది. ఇక్కడిదాకా మేం చేసింది ఫర్వాలేదు. అసలు కథ ఆ తర్వాతే.

మన ఊళ్ళల్లో రోజూ కనిపించే గద్ద, నల్ల గద్ద అంటారు, బరువు కిలో కూడా ఉండదు. రెక్కలు విప్పితే మాత్రం దాదాపు ఐదడుగులు. అంత పెద్ద పక్షి చేతిలో అంత తేలిగ్గా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు.

తప్పు నంబర్ 1: ఫోన్ తీశాను

మొదట చేసింది అదే. దాన్ని కింద పెట్టి, చుట్టూ జనం గుమిగూడుతుంటే, ఫోన్ లైట్ వేసి వీడియో మొదలుపెట్టాను. గద్ద కదలకుండా, కళ్ళు సగం మూసుకుని ఉంది. నేను కెమెరాలో ఏమన్నానో తెలుసా? "చూడండి గైస్, మనల్ని ఎంత నమ్మి కూర్చుందో" అన్నాను.

అది నమ్మకం కాదండి. షాక్. అడవి జంతువుకి, అడవి పక్షికి మనిషి అంటే వేటాడే జంతువు కిందే లెక్క. మన రెండు కళ్ళూ ముందుకి ఉంటాయి, తిన్నగా చూస్తాం, చుట్టూ చేరతాం. అది తప్పించుకోలేని పరిస్థితిలో ఉంది కాబట్టి బిగుసుకుపోయింది, అంతే. లోపల గుండె విపరీతంగా కొట్టుకుంటూ ఉంటుంది. మనకి ముద్దొచ్చినట్టు కనిపించే నిమిషంలోనే దానికి ప్రాణం మీదకొచ్చి ఉండొచ్చు. జబ్బుని బయటికి కనపడనివ్వకపోవడం పక్షుల లక్షణం. బలహీనంగా కనపడితే ఇంకొకటి తినేస్తుంది కదా మరి.

జింకల్లాంటి వాటిలో ఈ భయం ఎంత దూరం పోతుందంటే, తరిమి తరిమి పట్టుకుంటే కండరాలు లోపల్లోపలే దెబ్బతింటాయి. ఆ వ్యర్థాలు రక్తంలో కలిసి కిడ్నీలు పాడవుతాయి. పట్టుకున్నప్పుడు బాగానే ఉన్న జింక రెండు మూడు రోజుల తర్వాత చనిపోవచ్చు. పైకి ఒక్క గాయం కూడా కనపడదు.

ఇంకోటి. అది ఎగిరిపోకుండా నేను రెండు చేతులతో ఛాతీ గట్టిగా పట్టుకున్నాను. మనకి ఊపిరితిత్తుల కింద డయాఫ్రమ్ అనే కండరం ఉంటుంది కదా, పక్షులకి అలాంటిది ఉండదు. ఛాతీ ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే వాటికి గాలి ఆడుతుంది. ఛాతీ నొక్కి పట్టుకుంటే ముక్కు మూసినట్టే.

తప్పు నంబర్ 2: దారం లాగాను

మాంజా ఒక కొస బయటికి కనపడుతోంది. పాపం నొప్పిగా ఉంటుంది కదా, తీసేద్దాం అని లాగాను. రక్తం చివ్వున వచ్చింది.

రెక్క మనం అనుకున్నంత సింపుల్ కాదు. పక్షి భుజానికీ మణికట్టుకీ మధ్య, రెక్క ముందు అంచున, పల్చటి చర్మపు పొర ఉంటుంది. టెంట్ గుడ్డలాగా సాగుతుంది. దాని అంచులో సాగే స్నాయువు ఒకటి ఉంటుంది. రెక్క విప్పినప్పుడు గాలిని పట్టేది ఈ పొరే. ఎగిరే పక్షికి దారం ఎక్కువగా తగిలేది కూడా సరిగ్గా అక్కడే, ఎందుకంటే గాల్లో ముందుకి దూసుకుపోయేది ఆ అంచే కదా. మాంజా మామూలు దారం కాదు. గాజు పొడి పూసి ఉంటుంది. దాన్ని లాగితే రంపంతో కోసినట్టే.

ఒక లెక్క చెప్తాను. పక్షి ఒంట్లో రక్తం దాని బరువులో పదో వంతు కూడా ఉండదు. ఏడు వందల గ్రాముల గద్దకి మొత్తం రక్తం యాభై నుంచి డెబ్భై మిల్లీలీటర్లు. అంటే ఒక ఇరానీ చాయ్ కప్పుకి సరిపోదు. మన చేతికంటిన రక్తం మనకి కొంచెమే అనిపిస్తుంది. దానికి కొంచెం కాదు.

చేయాల్సింది ఏంటంటే, గాయానికి రెండు వైపులా నాలుగైదు అంగుళాలు వదిలి దారాన్ని కత్తెరతో కట్ చేయడం. లోపల ఇరుక్కున్న ముక్కని ముట్టుకోకుండా డాక్టర్‌కి వదిలేయడం. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో మెల్లిగా అదిమి పట్టుకోవడం. మా ఆఫీసులో ఒక రూల్ ఉండేది: ఎందుకు రాశారో అర్థం కాని లైన్‌ని డిలీట్ చేయకు. అదే రూల్ ఇక్కడ కూడా.

తప్పు నంబర్ 3: నీళ్ళు పట్టాను

ఈ ఒక్కటి మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. మిగతావన్నీ మర్చిపోయినా సరే.

దెబ్బ తగిలిన ప్రాణికి నీళ్ళు ఇవ్వడం మన రక్తంలో ఉంది. ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోతే మొదట నీళ్ళు పట్టండి అంటాం. నేను బాటిల్ మూతతో గద్ద ముక్కు తెరిచి నీళ్ళు పోశాను. అది రెండుసార్లు తల విదిల్చింది. "తాగుతోంది, తాగుతోంది" అన్నారు పక్కనోళ్ళు.

పక్షి నోరు తెరిస్తే నాలుక మొదట్లో ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. అది గాలిగొట్టం. మనలాగా లోపల ఎక్కడో కాదు, నాలుక వెనకే ఉంటుంది. మన గాలిగొట్టానికి పైన మూత ఉంటుంది, మింగేటప్పుడు అది మూసుకుంటుంది. పక్షులకి ఆ మూత లేదు. స్పృహలో ఉండి తనంతట తాను తాగే పక్షి ఆ రంధ్రాన్ని మూసుకోగలదు. షాక్‌లో ఉన్నదానికి బలవంతంగా పోస్తే, నీళ్ళు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అప్పటికప్పుడు ఊపిరాడక పోవచ్చు, లేదా రెండు రోజుల్లో న్యుమోనియా రావచ్చు.

తిండి సంగతీ అంతే. పాలు, బ్రెడ్డు, అన్నం, చికెన్ ముక్క, ఏదీ వద్దు. నీరసించిన ఒంటికి ముందు వెచ్చదనం కావాలి, తర్వాత ద్రవాలు, ఆ తర్వాతే తిండి. చాలా రోజులు తిండి లేని జంతువుకి ఒక్కసారిగా కడుపు నిండా పెడితే, ఆ తిండే దాన్ని చంపొచ్చు.

తప్పు నంబర్ 4: పసుపూ కొబ్బరినూనె

ఆ గందరగోళంలో అమ్మకి వీడియో కాల్ చేశాను. అమ్మ ఊళ్ళో ఉంటుంది. చూసి, "ఏరా, అలా చూస్తూ కూర్చుంటావేంటి, పసుపు కొబ్బరినూనెలో కలిపి పెట్టు నాన్నా, రక్తం ఆగుద్ది" అంది. పెట్టాను. అమ్మని తప్పుపట్టట్లేదు. నా చిన్నప్పుడు మోకాలు పగిలిన ప్రతిసారీ అదే మందు.

కానీ ఈకలు చర్మం లాంటివి కావు. ఒక్కో ఈకలో సన్నటి పోగులు ఒకదానికొకటి కొక్కేల్లాగా పట్టుకుని ఉంటాయి, మన జిప్పులాగా. నూనె అంటితే ఆ జిప్పు ఊడిపోతుంది. ఈకలు అతుక్కుపోతాయి, ఒంట్లో వేడి నిలవదు, తడి లోపలికి దిగుతుంది. పైగా పసుపు పూసిన గాయం ఎంత లోతుందో డాక్టర్‌కి కనపడదు. నూనె ఆయింట్‌మెంట్లు కూడా అంతే, పెట్టొద్దు.

ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు అయితే అసలే వద్దు. ఒక ఉదాహరణ చాలు. డైక్లోఫెనాక్ మనకి బాగా తెలిసిన నొప్పి మందు. పశువులకి కూడా వాడేవాళ్ళు. ఆ పశువు చచ్చిపోయాక కళేబరాన్ని తిన్న రాబందుల కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒకప్పుడు ఎక్కడ చూసినా కనిపించే రాబందులు దేశంలో దాదాపు కనపడకుండా పోవడానికి ముఖ్య కారణం ఆ ఒక్క మందు. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మెలాక్సికామ్ అనే ఇంకో మందు రాబందులకి హాని చేయదని తేల్చారు. ఏ ప్రాణికి ఏ మందు, ఎంత అనేది మనం గూగుల్‌లో వెతికి తేల్చే విషయం కాదు.

డాక్టర్ బల్ల మీద ఏం జరుగుతుంది

గంటన్నర తర్వాత, ఫ్రెండ్ ఎవరో నంబర్ ఇస్తే, ఒక వాలంటీర్ అన్న బైక్ మీద వచ్చాడు. వచ్చీరాగానే అన్న మొదటి మాట, "ఆ లైట్ ఆపెయ్ తమ్ముడూ." టవల్ కప్పాడు, అట్టపెట్టెలో పెట్టాడు, మూత వేశాడు. మొత్తం ఇరవై సెకన్లు. నేను గంటన్నరలో చేయని పని అది.

క్లినిక్‌లో నేను అనుకున్నది ఏంటంటే, వెంటనే ఆపరేషన్ చేస్తారు, కుట్లు వేస్తారు అని. డాక్టర్ గారు అసలు గాయం జోలికే వెళ్ళలేదు. బరువు చూశారు, వెచ్చగా ఉండే పెట్టెలో పెట్టారు, చర్మం కింద గోరువెచ్చటి సెలైన్ ఇచ్చారు, నొప్పికి మందు ఇచ్చారు, చీకట్లో వదిలేశారు. "ముందు ఇది ఈ రాత్రి బతకాలి. రెక్క సంగతి రేపు" అన్నారు.

మర్నాడు మత్తిచ్చి ఎక్స్‌రే. పక్షుల ఎముకల్లో చాలావరకు బోలుగా ఉంటాయి. భుజం ఎముకలోకి అయితే ఊపిరితో కలిసే గాలి సంచి ఒకటి చొచ్చుకుని ఉంటుంది. అంటే ఆ ఎముక విరిగి బయటికి వస్తే, గాయం మీద నీళ్ళు పోసి కడిగినా ఆ నీళ్ళు ఊపిరిలోకి చేరొచ్చు. రెక్క మీద పోసిన నీళ్ళతో పక్షి మునిగిపోవడం అనేది నేను కల్లో కూడా ఊహించలేదు.

మంచి వార్త కూడా ఉంది. పక్షుల ఎముకలు మనకంటే చాలా తొందరగా అతుకుతాయి. కుదురుగా ఉంటే చాలాసార్లు మూడు వారాలు చాలు. రెక్కని ఒంటికి ఆనించి ఎనిమిది అంకె ఆకారంలో కట్టు కడతారు. కానీ ఆ కట్టు ఎక్కువ రోజులు ఉంచినా ప్రమాదమే. ఇందాక చెప్పిన పల్చటి పొర ముడుచుకుపోయి రెక్క మళ్ళీ పూర్తిగా విచ్చుకోదు. అందుకని మధ్యమధ్యలో కట్టు విప్పి, మత్తులో ఉంచి, రెక్కని మెల్లిగా సాగదీస్తారు. ఫిజియోథెరపీ అన్నమాట.

మా గద్దకి ఎముక విరగలేదు. పొర చిరిగింది, స్నాయువు సగం తెగింది. డాక్టర్ గారు కుట్టారు. మూడో రోజు పొద్దున అది చనిపోయింది. ఊపిరి తీసుకోవడం కష్టమైందని చెప్పారు.

నేను అడిగాను, "సార్, గాయం వల్లనా, నేను పోసిన నీళ్ళ వల్లనా?" అని. ఆయన కాసేపు ఆగి, "రెండూ అయి ఉండొచ్చు. ఈసారి దొరికితే పెట్టెలో పెట్టి తీసుకురా" అన్నారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఇక నా అబద్ధం. ఆ స్టోరీకి వచ్చినన్ని వ్యూస్ అప్పటిదాకా నా ఏ వీడియోకీ రాలేదు. "గద్ద ఎలా ఉంది అన్నా?" అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. నేను "ట్రీట్‌మెంట్ నడుస్తోంది" అని హార్ట్ ఎమోజీతో రిప్లై పెట్టాను. అప్పటికి అది చనిపోయి రెండు రోజులైంది. అడిగిన వాళ్ళందరికీ ఇదే నా అసలు జవాబు. లేట్ అయింది, సారీ.

నాటు నాటు రాత్రి ఇంకో సినిమా

2023 మార్చిలో నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన రాత్రి మనందరికీ గుర్తుంది. అదే వేడుకలో డాక్యుమెంటరీ ఫీచర్ విభాగంలో మన దేశం నుంచి ఒక సినిమా నామినేషన్‌లో ఉంది. పేరు ఆల్ దట్ బ్రీత్స్, డైరెక్టర్ శౌనక్ సేన్. ఢిల్లీలో మహమ్మద్ సౌద్, నదీమ్ షెహజాద్ అనే ఇద్దరు అన్నదమ్ములు దెబ్బతిన్న గద్దలకి వైద్యం చేస్తారు. వాళ్ళ కథే ఆ సినిమా. అవార్డు రాలేదు గానీ, అంతకుముందు ఏడాది సన్‌డాన్స్‌లో, కాన్‌లో బహుమతులు వచ్చాయి.

వాళ్ళు డాక్టర్లు కాదు. సబ్బు డిస్పెన్సర్లు తయారుచేసే చిన్న వ్యాపారం వాళ్ళది. కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఒక దెబ్బతిన్న గద్దని పక్షుల ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇది మాంసం తినే పక్షి, మేం చూడం అన్నారట. బాడీబిల్డింగ్ పిచ్చితో కండరాలు, స్నాయువుల గురించి చదివి ఉన్నారు, ఆ కాస్త తెలివితో మొదలుపెట్టి, పశువైద్యుల సాయంతో ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. వాళ్ళ దగ్గరికి వేల గద్దలు వచ్చాయి. చాలావాటికి కారణం ఇదే మాంజా.

గద్ద అందమైన పక్షి అని ఎవరూ పాట రాయరు. చెత్తకుప్పల మీద తిరుగుతుంది, చచ్చిన ఎలకలు తింటుంది. మన ఊళ్ళకి అది చేసే పని అదే. జీతం తీసుకోని పారిశుధ్య పని.

బతికితే సరిపోదు

ఈ పనిలో నాకు అన్నిటికంటే కొత్తగా అనిపించింది ఇది. పెంపుడు కుక్కకి కాలు పోతే మూడు కాళ్ళతో హాయిగా బతుకుతుంది. గద్ద తొంభై శాతం బాగుపడినా సరిపోకపోవచ్చు. అది గాల్లో తిరగాలి, వాలాలి, మిగతా గద్దలతో పోటీపడి తిండి లాక్కోవాలి. అందుకే పెద్ద గదంత పంజరంలో వదిలి, ఎలా ఎగురుతోంది, ఒక పక్కకి ఒరుగుతోందా, అలసిపోతోందా అని చూస్తారు.

పెద్ద ఈకలు విరిగిపోతే మళ్ళీ ఈకలు మార్చుకునే కాలం వచ్చేదాకా కొత్తవి రావు. నెలల తరబడి పంజరంలో ఉంచాలా? దీనికి డేగల్ని పెంచే వాళ్ళు ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టారు. చనిపోయిన పక్షి ఈకలు దాచి ఉంచుతారు. విరిగిన ఈక మొదలు బోలుగా ఉంటుంది కదా, అందులో సన్నటి వెదురు పుల్ల దూర్చి, దాత ఈకని దాని మీద ఎక్కించి, జిగురుతో అతికిస్తారు. అదే ఈకతో పక్షి ఎగిరిపోతుంది. తర్వాత కొత్త ఈక వచ్చినప్పుడు పాతది రాలిపోతుంది. మన గద్ద ఈకలు ఉంచుకుంటాం అని డాక్టర్ గారు అడిగితే, అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఇంకో సమస్య ప్రేమ. కళ్ళు తెరిచినప్పటి నుంచి మనిషి చేతి మీద పెరిగిన పిల్ల, తానూ మనిషినే అనుకుంటుంది. తన జాతిని గుర్తుపట్టదు, మనిషంటే భయం ఉండదు. అలాంటిదాన్ని అడవిలో వదిలితే ఎవరో ఒకరి రాయికో, కుక్కకో బలి. అందుకే మంచి సెంటర్లలో పిల్లలకి పేర్లు పెట్టరు, మాట్లాడరు, వీలైతే ముఖం కనపడకుండా తినిపిస్తారు.

ఉత్తరప్రదేశ్‌లో సారస్ కొంగ కథ మీలో చాలామంది రీల్స్‌లో చూసే ఉంటారు. అమేఠీ జిల్లాలో ఒకాయన 2022లో కాలు విరిగిన కొంగకి కట్టు కట్టాడు. అది బాగయ్యాక కూడా వెళ్ళలేదు, ఆయన బైక్ వెంట ఎగురుతూ తిరిగేది. 2023 మార్చిలో అటవీ శాఖ వాళ్ళు దాన్ని తీసుకెళ్ళారు, చివరికి కాన్పూర్ జూకి చేరింది. ఆయన చూడటానికి వెళ్తే అది పంజరంలో గెంతులు వేసింది. దేశమంతా ఆయన వైపే మాట్లాడింది. నేను కూడా అప్పుడు అధికారుల్ని తిడుతూ పోస్ట్ పెట్టాను. ఇప్పుడు అడిగితే, ఆయన మనసు మంచిదే అంటాను, ఆ కాలు బాగుచేసింది ఆయనే అంటాను. కానీ ఒక సారస్ కొంగ మనిషి బైక్ వెనక ఎగరాల్సిన పరిస్థితి రావడం దానికి మంచిది కాదు. మొదటి వారంలోనే తెలిసిన వాళ్ళ చేతికి వెళ్ళి ఉంటే, అది జూకి చేరకుండా ఏదో చెరువు గట్టున జంటతో ఉండేదేమో.

చట్టం ఏమంటుంది

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. దెబ్బతిన్నది మీ చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, అటవీ అధికారికో తెలియజేయాలి. సాయం చేస్తే కేసు పెడతారేమో అని భయపడి వదిలేయకండి. సమస్య సాయం చేస్తే రాదు, చెప్పకుండా ఇంట్లో పెంచుకుంటే వస్తుంది.

రెండోసారి

పోయిన సంక్రాంతి అయిపోయిన వారానికి, రాత్రి తొమ్మిదికి, అదే వాచ్‌మన్ అన్న ఫోన్. ఈసారి గుడ్లగూబ. తెల్లటి ముఖం, హృదయం ఆకారంలో. సెల్లార్‌లో పడి ఉంది. పండగ అయిపోయినా దారాలు చెట్లకీ తీగలకీ నెలల తరబడి వేలాడుతూనే ఉంటాయి కదా. కొందరు, అపశకునం, లోపలికి తేవద్దు అన్నారు. నేను వాదించలేదు. టవల్ కప్పాను, చెప్పుల అట్టపెట్టె సరిపోక మిక్సీ పెట్టెలో పెట్టాను, దారం రెండు వైపులా కట్ చేశాను, ఫోన్ చేశాను. నీళ్ళు లేవు, పసుపు లేదు, వీడియో లేదు. అమ్మకి కూడా ఫోన్ చేయలేదు, నిజం చెప్పాలంటే.

ఐదు వారాల తర్వాత మసక చీకట్లో, దొరికిన చోటికి దగ్గర్లోనే దాన్ని వదిలారు. గుడ్లగూబ రాత్రి పక్షి, పగలు వదిలితే కాకులు వెంటపడి పొడుస్తాయి. పెట్టె మూత తీశాక అది ఒక్క క్షణం కూడా మావైపు చూడలేదు. చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. దాని ఫుటేజ్ అడగకండి, తీయలేదు. రెండోసారి నేను చేసిన పని మొత్తం కలిపి పది నిమిషాలు. మొదటిసారి గంటన్నర కష్టపడ్డాను. తేడా అదే.

స్క్రీన్‌షాట్ తీసుకోండి

1. దూరం నుంచి చూడండి. నిజంగా దెబ్బ తగిలిందా? వేసవిలో నేల మీద గెంతుతూ కనపడే ఈకలొచ్చిన పిల్ల పక్షి చాలాసార్లు ఎగరడం నేర్చుకుంటోంది, తల్లి దగ్గర్లోనే ఉంటుంది. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదు అనేది అపోహ. గూడు కనపడితే తిరిగి పెట్టేయొచ్చు.

2. పాము అయితే ముట్టుకోవద్దు. దూరం జరగండి, అది ఎటు వెళ్ళిందో చూస్తూ ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి వాళ్ళు ఈ పనికే ఉన్నారు. గబ్బిలం, కోతి, నక్క లాంటివి కూడా ఉత్త చేతులతో పట్టుకోవద్దు. కరిస్తే, గీరితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, రేబిస్ ఇంజెక్షన్ విషయంలో బద్ధకం వద్దు.

3. పక్షి అయితే తల కూడా కప్పేలా టవల్ వేసి ఎత్తండి. గద్ద, గుడ్లగూబ లాంటి వాటితో ముక్కు కంటే గోళ్ళే ప్రమాదం. ఛాతీ నొక్కొద్దు. తర్వాత చేతులు కడుక్కోండి.

4. అట్టపెట్టెకి ముందే గాలి రంధ్రాలు పెట్టండి, అడుగున గుడ్డ పరవండి. తీగల పంజరం వద్దు, ఈకలు విరుగుతాయి. చలిగా ఉంటే గోరువెచ్చటి నీళ్ళ బాటిల్‌ని గుడ్డలో చుట్టి ఒక మూల పెట్టండి. మూత వేసి, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. మాటిమాటికీ తెరిచి చూడొద్దు.

5. నీళ్ళు, తిండి, మందు, నూనె, పసుపు, ఏవీ వద్దు.

6. దొరికిన చోటు, టైమ్ నోట్ చేసుకోండి. వదిలేటప్పుడు అది కావాలి. కానీ లొకేషన్ సోషల్ మీడియాలో పెట్టొద్దు. గుడ్లగూబల్ని క్షుద్రపూజల కోసం పట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు.

7. ఫోన్ ఉన్నది వీడియోకి కాదు, కాల్‌కి. మీ జిల్లా అటవీ శాఖ నంబరు, మీ ఊళ్ళో పనిచేసే రెస్క్యూ గ్రూప్ నంబరు ఇప్పుడే వెతికి సేవ్ చేసుకోండి. పక్షి చేతిలో ఉన్నప్పుడు వెతకడం మొదలుపెడితే గంటన్నర పడుతుంది. నాకు పట్టింది.

చివరిగా మాంజా

నైలాన్ లాంటి సింథటిక్ మాంజాని నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ 2017 జులైలో దేశమంతటా నిషేధించింది. అయినా దొరుకుతోంది. పేరు చైనీస్ మాంజా, తయారయ్యేది చాలావరకు ఇక్కడే. నూలు దారం ఎండకి వానకి కుళ్ళిపోతుంది, నైలాన్ కుళ్ళదు. మనుషుల మెడలు కూడా కోసింది, బైక్ మీద వెళ్ళేవాళ్ళవి. గుజరాత్‌లో ఏటా ఉత్తరాయణానికి కరుణా అభియాన్ అని ప్రభుత్వమే పక్షుల కోసం పది రోజుల పాటు క్యాంపులు నడుపుతుంది. మంచి పనే. కానీ డాక్టర్ గారు అన్నట్టు, కుట్లు వేయడం కంటే దారం కొనకపోవడం సులువు.

పతంగి ఎగరేయొద్దని నేను అనను. నేనూ ఎగరేస్తాను. సాదా నూలు దారంతో ఎగరేయండి. తెల్లారేటప్పుడు, పొద్దుగూకేటప్పుడు ఆపండి, పక్షులు గూళ్ళ నుంచి బయల్దేరేది, తిరిగొచ్చేది అప్పుడే. పండగ మర్నాడు మీ టెర్రస్ మీద, చెట్ల మీద అందినంత దారం తీసి, ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయండి. మా అపార్ట్‌మెంట్‌లో పోయినేడాది పిల్లలతో కలిసి తీశాం, ఒక బకెట్ నిండింది. ఈ ఏడాది కూడా కనుమ మర్నాడు పొద్దున ఏడింటికి మొదలుపెడుతున్నాం. దోటి వాచ్‌మన్ అన్నదే.

ఈసారి సబ్‌స్క్రైబ్ అడగను. ఆ రెండు నంబర్లు సేవ్ చేశారా లేదా, కామెంట్లో చెప్పండి. ఉంటాను, బై.